నూట నలభై ఆరో కిలోమీటరు

నవంబరు 10, ఆదివారం

241 వాట్లు! ఇరవై నిమిషాల పరీక్షలో మా సైకిల్ క్లబ్బులో నలభై దాటినవాళ్ళందరిలో నేనే ఫస్ట్. మద్రాసు అంబత్తూరులో, క్లబ్బు నడిపే ఫణీంద్ర వర్క్‌షాపు షెడ్డులో పెట్టారు పరీక్ష. ట్రైనర్ అనే స్టాండుకి సైకిల్ బిగించి, ఎంత బలంగా తొక్కుతున్నామో తెర మీద చూపిస్తారు. ముప్ఫై ఏళ్ళ కుర్రాళ్ళు కూడా నా అంకె చూసి నోరెళ్ళబెట్టారు.

ఇంటికొచ్చి మా ఆవిడ చంద్రకళకి చెప్పాను. "ఆ వాట్లతో కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతుందాండీ?" అంది. ఈమెకి నా గొప్ప ఎప్పటికి తెలుస్తుందో.

ఇంకో కబురు. క్లబ్బు టాండమ్ నాకిచ్చారు. ఇద్దరు తొక్కే సైకిల్. ఇదివరకు నడిపినాయనకి బదిలీ అయింది. వెనక కూర్చునే ఆవిడ పేరు ఇంద్రజ. కళ్ళు కనపడవు. "మీలాంటి బలమైనవాడు కావాలి వెంకట్రామ్ గారూ" అన్నాడు ఫణీంద్ర. కాదనడానికి కారణం కనపడలేదు.

నవంబరు 17, ఆదివారం

మొదటిసారి టాండమ్. తిరువాన్మియూరు నుంచి కోవళం దాకా, వెనక్కి. ఇంద్రజగారిని వాళ్ళ తమ్ముడు చిన్నస్వామి స్కూటర్ మీద తెచ్చి దింపాడు. నలభై ఆరేళ్ళు, సన్నగా ఉంటారు. పుట్టి పెరిగింది తొండియార్‌పేటలోనే. ఇరవై రెండో ఏట చూపు పోయిందట. తమ్ముడి పురికొస, తాళ్ళ హోల్‌సేల్ కొట్టులో ఫోన్ ఆర్డర్లన్నీ ఈవిడే చూస్తారు.

రెండు జతల పెడళ్ళనీ ఒకే గొలుసు కలుపుతుంది. నేను తిప్పితే ఆమెవీ తిరుగుతాయి, నేను ఆపితే ఆమెవీ ఆగుతాయి. గేర్లు, బ్రేకులు, హ్యాండిల్ నావి. ముందున్నది ముందే చెప్పడం కూడా నా పనే. గుంత, కుక్క, బ్రేకు, అన్నీ.

"మీరు చెప్తా ఉండండి సార్, చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

తిరిగొచ్చాక ఒక మాటన్నారు. "దిగుడు వస్తే మీరు కాలు ఆపేస్తారు సార్. ఎందుకని?" ఎందుకేముంది, అందరూ ఆపుతారు. నాకు నవ్వొచ్చింది.

నవంబరు 24

తొంభై కిలోమీటర్లు. నాకు నడుము పట్టేసింది. ఆమెకి ఏమీ లేదు. బహుశా ఆమె అంత గట్టిగా తొక్కడం లేదేమో.

డిసెంబరు 1

తుపాను. రైడు లేదు.

డిసెంబరు 8, ఆదివారం

సీటు ఎత్తు కొలవడానికి తొండియార్‌పేట వెళ్ళాను. మేడ మీద ఆవిడ సాధన చూశాను. చిన్నస్వామి పాత సైకిల్‌ని ఇనప స్టాండుకి వెల్డింగ్ చేయించాడు. వెనక చక్రం మీదుగా గోనెపట్టా లాగి కట్టాడు. అది రాసుకుంటూ చక్రాన్ని బిగబడుతుంది. తెరా లేదు, అంకెలూ లేవు. పక్కన స్టూలు మీద ఫోన్, అందులో పాత సినిమా.

"రోజూ ఒక సినిమా సార్. ఆదివారం రైడు లేకపోతే రెండు" అన్నారు.

"పాటలొచ్చినప్పుడు కాస్త ఆగుతారా?"

"పాటలప్పుడే కదా సార్ కాలు బాగా తిరిగేది! ఫైటింగులు వస్తేనే విసుగు. ఎవురు ఎవుర్ని కొడతా ఉండారో ఒకటీ తెలీదు."

మేడ మీద దిగుడు లేదు. సిగ్నల్ లేదు. ఎదురుగాలి లేకపోయినా చల్లగాలీ లేదు. రెండున్నర గంటల పాటు ఒక్క క్షణం కూడా కాలు ఆపే వీలు లేదు. పధ్నాలుగేళ్ళ నుంచి ఇదే పనట. వాళ్ళమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. మంచి ఆవిడే, కానీ శాస్త్రీయమైన శిక్షణ లేదు.

డిసెంబరు 21, శనివారం

రేపే రెండొందల కిలోమీటర్ల రైడు. ఇది పందెం కాదు, గడువు లోపల పూర్తి చేయాలి. పొద్దున అయిదుకి మొదలు, సాయంత్రం ఆరున్నర లోపల రావాలి. తిరువాన్మియూరు నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా మరక్కాణం దాకా వంద, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకుని మళ్ళీ వంద. నా లెక్క ప్రకారం తొమ్మిది గంటల్లో కొట్టేస్తాం.

"ఆవిడ ఎన్ని గంటలనుకుంటోందో అడిగారా?" అంది చంద్ర.

అడగలేదు.

డిసెంబరు 22, ఆదివారం

పూర్తి కాలేదు. 146 దగ్గర ఆపేశాం. ఇంద్రజగారు బాగా అలిసిపోయారు. క్షేమం ముఖ్యం. మళ్ళీ చూద్దాం.

డిసెంబరు 23

క్లబ్బు గ్రూపులో నలభై ఒక్కమంది దండాలు, గుండెలు పెట్టారు. "తన రికార్డు వదులుకుని తోటి మనిషి ఆరోగ్యం చూసిన వెంకట్రామ్ గారికి సలాం" అని ఫణీంద్ర రాశాడు. బాగుంది.

ఇంద్రజగారు ఫోన్ చెయ్యలేదు.

డిసెంబరు 25

ఆఫీసుకి సెలవు. మోకాళ్ళు ఇంకా నొప్పి.

ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది. ఎదురుగాలి. ఆమెకి అది మొదటి రెండొందలు. అలిసిపోయారు. ఎవరైనా అలిసిపోతారు. నేనూ కొంచెం అలిసిన మాట నిజమే. కానీ ఆపింది ఆమె కోసమే.

డిసెంబరు 29, ఆదివారం

కమిటీ నిర్ణయం వచ్చింది. ఇంద్రజగారికి ఇకనుంచి నలభై కిలోమీటర్ల రైడ్లు మాత్రమే. క్లబ్బుకి ఉన్న టాండమ్ ఒక్కటే, కాబట్టి దూరం రైడ్లకి దాన్ని వేరేవాళ్ళకిస్తారు. ఈ సీజన్‌లో చివరి రెండొందలు ఫిబ్రవరి రెండున. అందులో ఆమె పేరు లేదు.

"పాపం, ఆవిడ ఒంట్లో అంత ఓపిక లేదు. మనం ఒత్తిడి పెట్టకూడదు" అన్నాడు ఫణీంద్ర. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

సాయంత్రం ఆమె ఫోన్ చేశారు.

"సార్, ఒకటి అడగాల. ఆ దినం నేను ఆగిపోదామని అన్నానా?"

"అనలేదు, కానీ..."

"సెరి సార్" అని పెట్టేశారు.

జనవరి 2, గురువారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. రెండుసార్లు. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు పొద్దున గాలి మా వెనక నుంచి వచ్చింది. డిసెంబరులో మద్రాసులో గాలి ఈశాన్యం నుంచి వీస్తుందని ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పుట్టింది నరసరావుపేటలో. ముప్ఫై నాలుగు వేగంతో పోతుంటే అది నా బలమే అనుకున్నాను. పక్కనుంచి ఒక్కొక్కర్నీ దాటేస్తూ చెయ్యి ఊపాను కూడా. మహాబలిపురం దగ్గర ఆమె అన్నారు, "ఇంత వేగం వద్దు సార్. ఇప్పుడు తోసే గాలి వచ్చేటప్పుడు ఎదురొస్తాది." మీరు భయపడకండి అన్నాను.

ఆమె అరగంటకొకసారి ఏదో ఒకటి తిన్నారు. పల్లీ చిక్కీ, అరటిపండు, నిమ్మకాయ పులిహోర ఉండలు. గడియారం పెట్టుకుని తిన్నారు. నేను ఆకలేసినప్పుడు తిందామనుకున్నాను. ఆకలి వేసేసరికి ఆలస్యమైపోయింది.

మరక్కాణంలో తిరిగాక గాలి ముఖం మీద కొట్టింది. నూట ఇరవైకి పిక్కలు పట్టేశాయి. నూట ముప్ఫై అయిదు తర్వాత నేను తొక్కలేదు. తొక్కుతున్నట్టు భుజాలు ఊపాను. పెడళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే వెనకనుంచి ఆమె తిప్పుతున్నారు. నా కాళ్ళ బరువుని కూడా ఆమె కాళ్ళే మోశాయి. పదకొండు కిలోమీటర్లు ఒక్క మాట అనలేదు. ఊపిరి కూడా మారలేదు. ఒకచోట ఏదో పాట కూనిరాగం తీశారు.

కల్పాక్కం దాటాక బ్రేకు వేశాను. నేనన్న మాట ఇది: "ఇంద్రజగారూ, మీరు బాగా అలిసిపోయినట్టున్నారు. ఇక ఆపేద్దాం."

"మీరెట్ల చెప్తే అట్ల సార్. హ్యాండిల్ మీ చేతిలో ఉండాది" అన్నారు.

దారిలో రైడర్లని చూసుకునే ఆరోగ్యమేరి కారులో వచ్చింది. గొడుగు, నీళ్ళు పట్టుకుని నేరుగా ఇంద్రజగారి దగ్గరికి పరిగెత్తింది. "రొంబ కష్టమైపోయిందా అమ్మా?" అని వీపు నిమిరింది. ఇంద్రజగారు నిలబడి చిక్కీ తింటున్నారు. నేను మోకాళ్ళు వణుకుతున్నది కనపడకుండా కింద కూర్చుని గొలుసు పరీక్షిస్తున్నాను. గొలుసుకి ఏమీ కాలేదు.

సిగ్గుగా ఉంది. సిగ్గుగా ఉందని రాయడానికి కూడా పదకొండు రోజులు పట్టింది.

ఇదంతా చంద్రకి చెప్పాను. "అంటే, కళ్ళు లేని మనిషికి కాళ్ళు కూడా లేవని చెప్పొచ్చారన్నమాట" అంది. తర్వాత అన్నం పెట్టింది.

జనవరి 5, ఆదివారం

ఫణీంద్రకి చెప్పేశాను. నలుగురు కమిటీవాళ్ళూ ఉండగానే. అలిసింది నేను, ఆమె కాదు, ఆమె నన్ను పదకొండు కిలోమీటర్లు లాగారు అన్నాను.

ఫణీంద్ర నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు చాలా గొప్పవారండీ. ఆవిడ పరువు కోసం నింద మీ మీద వేసుకుంటున్నారు."

కాదు మహాప్రభో అన్నాను. నమ్మలేదు. 241 వాట్ల మనిషి అలిసిపోవడమేమిటి, సన్నటి ఆడమనిషి లాగడమేమిటి అని నవ్వారు. మధ్యాహ్నానికి గ్రూపులో మళ్ళీ నాకు దండాలు. ఇన్ని దండాలు నా పెళ్ళిలో కూడా పెట్టలేదు ఎవరూ.

జనవరి 6

ఫణీంద్రకి మెసేజ్ పెట్టాను. మమ్మల్నిద్దర్నీ పరీక్షించండి. తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, మూడు గంటలు తొక్కాక మళ్ళీ ఒకసారి. సరే అన్నాడు. ఇంద్రజగారు కూడా వస్తానన్నారని చిన్నస్వామి చెప్పాడు.

జనవరి 12, ఆదివారం

అంబత్తూరు షెడ్డు. ఆదివారం కాబట్టి మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఎనిమిదిమంది వచ్చారు చూడటానికి. రెండు ట్రైనర్లు పక్కపక్కన.

మొదటి ఇరవై నిమిషాలు: నేను 238, ఆమె 131. అందరూ నా వంక చూసి తలలూపారు. తర్వాత ఎవరి బలానికి తగ్గట్టు వాళ్ళం మూడు గంటలు తొక్కాం. ఆమె చెవిలో సినిమా పెట్టుకున్నారు. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ తొక్కాను. గంటన్నర తర్వాత ఆ క్యాలెండర్‌లో ఉన్న దేవుణ్ణి కూడా తిట్టుకున్నాను.

మళ్ళీ ఇరవై నిమిషాలు. నేను పధ్నాలుగో నిమిషంలో దిగిపోయాను. అప్పటికి సగటు 163. దిగి నేలమీద పడుకున్నాను, ఈసారి గొలుసేమీ చూడలేదు. పడుకునే ఆమె కాళ్ళు చూశాను. మొదటి నిమిషంలో ఎలా తిరిగాయో ఇరవయ్యో నిమిషంలోనూ అలాగే తిరిగాయి. అంత అందమైన తొక్కుడు నేనింతవరకు చూడలేదు. ఆమె సగటు 127.

ఫణీంద్ర బోర్డు మీద నాలుగంకెలూ రాశాడు. "మనం ఇన్నాళ్ళూ తాజా కాళ్ళనే కొలిచాం. అలిసిన కాళ్ళని ఎప్పుడూ కొలవలేదు" అన్నాడు.

"ఎంత వచ్చింది సార్?" అని ఇంద్రజగారు అడిగారు.

"నాలుగే తగ్గిందమ్మా."

"మధ్యలో ఒక టీ ఇచ్చింటే అది కూడా తగ్గేది కాదు" అన్నారామె.

కమిటీ అక్కడికక్కడే నిర్ణయం మార్చింది. ఫిబ్రవరి రెండున టాండమ్ ఆమెదే. ముందు సీటులో ఫణీంద్ర తనే కూర్చుంటానన్నాడు. న్యాయమే. అతను ఆరొందల కిలోమీటర్లు పూర్తి చేసినవాడు.

జనవరి 17, శుక్రవారం

ఆఫీసు నుంచి నేరుగా తొండియార్‌పేట కొట్టుకి వెళ్ళాను. తాళ్ళ చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఆమె ఎవరికో ఫోన్‌లో ధర చెబుతున్నారు. అయ్యేదాకా నిలబడ్డాను.

"నేను అబద్ధం చెప్పానండీ" అన్నాను.

"తెలుసు సార్. ఆడ మీరు బ్రేకు వేసినప్పుడే తెలుసు. మీ కాలు నా కాలికి కట్టేసి ఉండాది కదా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అందరికీ?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు? మీరు చెప్తేనే నమ్మలేదే!"

తల దించుకున్నాను. ఆమెకి కనపడదని తెలిసినా దించుకున్నాను. నా మీద కోపం లేదా అని అడిగాను.

"ఉండాది. ఎందుకుండదు? పధ్నాలుగేండ్లు తొక్కినాను సార్ ఆ మేడ మీద. ఒక్క దినంలో నాకు ఓపిక లేదని రాసేసినారు."

క్షమించమన్నాను. ముందు సీటుకి ఫణీంద్ర మంచి కెప్టెన్, ఆయనతో హాయిగా పూర్తి చేస్తారన్నాను. వెళ్ళబోతుంటే పిలిచారు.

"ఫణీంద్ర సార్ వద్దు. మీరే రాండి."

నేను నమ్మలేకపోయాను.

"ఆయన కాళ్ళు నాకు తెలీవు. మీ కాళ్ళు తెలుసు. నూట ఇరవైలో మెత్తబడతాయి, నూట ముప్ఫై అయిదులో పడుకుంటాయి. తెలిసిన కాళ్ళయితే నేను ముందే సర్దుకుంటాను. కానీ వేగం నేను చెప్పిందే. తిండి నేను చెప్పినప్పుడే. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. చిన్నస్వామి టీ తెప్పించాడు.

జనవరి 19

ఆమె మేడ మీద స్టాండు ఎక్కాను. ఒక సినిమా తొక్కుతానని పందెం. ఇంటర్వెల్ కంటే ముందే దిగాను. వాళ్ళమ్మ నవ్వి నవ్వి మజ్జిగ ఒలకబోసుకుంది.

జనవరి 26

నూట ఇరవై, నెమ్మదిగా. ఇంత నెమ్మదిగా తొక్కడం ఎంత కష్టమో. స్కూలు పిల్లలు కూడా దాటి వెళ్ళారు. అరగంటకొకసారి వెనకనుంచి భుజం మీద తట్టి ఏదో ఒకటి తినమంటారు. ఇంటికొచ్చాక కూడా కాళ్ళలో ప్రాణం ఉంది. చంద్ర మెట్లెక్కుతుంటే నేనే సంచి అందుకున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

పూర్తయింది. అయిదింటికి బయలుదేరి, సాయంత్రం అయిదూ యాభై రెండుకి వచ్చాం. గడువుకి ముప్ఫై ఎనిమిది నిమిషాల ముందు.

పొద్దున గాలి మళ్ళీ వెనకనుంచే. చేతులు దురద పెట్టాయి. వేగం ఇరవై ఆరు దాటితే చాలు, "సార్" అని ఒక్క మాట వెనకనుంచి. అందరూ మమ్మల్ని దాటుకుని పోయారు, కొందరు జాలిగా చెయ్యి ఊపారు. నేను డిసెంబరులో ఊపినట్టే. దిగుళ్ళలో కూడా కాలు ఆపలేదు. మరక్కాణంలో ముద్ర వేయించుకుని, ఇడ్లీ తిని, ఎదురుగాలిలోకి తిరిగాం.

నూట ఇరవై దగ్గర కాళ్ళు బానే ఉన్నాయి. ఆమె అడిగిన ప్రతిసారీ కిలోమీటర్లు చెబుతూ వచ్చాను. ఒకసారి చూస్తే నూట యాభై రెండు. నూట నలభై ఆరు ఎప్పుడు దాటిందో తెలియదు. పొద్దున చెయ్యి ఊపినవాళ్ళు ఇద్దరు సరుగుడు తోట నీడలో బూట్లు విప్పి కూర్చున్నారు.

కోవళం దాటాక అయిపోయింది. అరగంటకొకసారి తిన్నా, నెమ్మదిగా వచ్చినా, నా కాళ్ళకి అంతవరకే ఉంది. నూట డెబ్బై అయిదు. భుజాలు ఊపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అది కూడా రాస్తున్నాను.

"ఇంద్రజగారూ, నేను అలిసిపోయాను. నా కాళ్ళు తిరగడం లేదు" అన్నాను. అలిసినప్పుడే నోట్లోంచి ఆ మాట రావడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది నాకు.

"సెరి సార్. మీరు దారి చూడండి" అన్నారు.

అంతే. వేగం పదిహేడు నుంచి పధ్నాలుగుకి తగ్గింది, అక్కడే నిలబడింది. ముట్టుకాడు వంతెన ఎక్కుడులో పన్నెండు అయింది, దిగాక మళ్ళీ పధ్నాలుగు. సముద్రం మీదనుంచి గాలి కుడివైపు కొడుతూనే ఉంది. నేను గుంతలు చెప్పాను, బస్సులు చెప్పాను, ఆవులు చెప్పాను. ఇంజంబాక్కం దాకా గంటా పది నిమిషాలు ఇద్దరి బరువునీ ఆ నలభై ఆరేళ్ళ కాళ్ళు లాగాయి. మనిషి ఇంత స్థిరంగా ఉండగలదని నేను పుస్తకాల్లో చదివినా నమ్మేవాణ్ణి కాదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. గాలికి అనుకుందామనుకున్నాను, కానీ గాలికి కాదు. చివరి తొమ్మిది కిలోమీటర్లు కొంచెం కోలుకుని నేనూ తొక్కాను.

తిరువాన్మియూరులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆరోగ్యమేరి ఇంద్రజగారిని కావలించుకుని ఏడ్చేసింది. ఆమె చెయ్యి విడిపించుకుని, అరటిపండు ఒలుస్తూ, "మూడొందలు ఎప్పుడు పెడతారు సార్?" అని ఫణీంద్రని అడిగారు.

ఫణీంద్ర నా వైపు తిరిగాడు. "ఏమంటారు కెప్టెన్ గారూ? ఆవిణ్ణి మూడొందలు తీసుకెళ్ళగలరా?"

"నేను ఆవిణ్ణి తీసుకెళ్ళలేదండీ. నూట డెబ్బై అయిదు దగ్గర నేను అయిపోయాను. అక్కడినుంచి ఇంజంబాక్కం దాకా ఆవిడే నన్ను తెచ్చారు" అన్నాను.

ఈసారి నమ్మారు.